రేడియోకి పది డాలర్లు

2025 ఆగస్టు నుంచి మా ఇంటి ఖర్చుల పుస్తకంలో ఓ కొత్త పద్దు చేరింది. పాలు, పెరుగు, ఇండియన్ షాపు సరుకులు, అమ్మాయి డాన్సు క్లాసు ఫీజు, వీటన్నిటి కింద "రేడియో - 10" అని రాస్తున్నాను. అంటే నెలకి పది డాలర్లు. మా వారు నెలాఖరున లెక్కలు చూస్తూ సరిగ్గా అక్కడే ఆగిపోయారు.

"రేడియో ఊరికే వస్తుంది కదా! దానికి మళ్ళీ డబ్బులేంటి?" అన్నారు.

నిజమే, ఊరికే వస్తుంది. కట్టకపోతే ఎవరూ తీసెయ్యరు. కట్టినవాళ్ళకి ఒకటి, కట్టనివాళ్ళకి ఒకటి వినిపించరు. మరి ఎందుకు కడుతున్నట్టు? ఆయనకి ఆ పూట రెండు ముక్కల్లో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. ఇల్లు నడిపే ఆడవాళ్ళం కదా, పది డాలర్లకైనా లెక్క చెప్పగలగాలి. ఆ లెక్కే ఇక్కడ మీకు చెబుతున్నాను.

నేను 2014 చలికాలంలో జెర్సీ సిటీకి వచ్చాను. హెచ్-4 వీసా. ఉద్యోగం చెయ్యడానికి లేదు, కారు నడపడం రాదు. మా వారు ఏడున్నరకల్లా పాత్ రైలెక్కి మన్‌హట్టన్ వెళ్ళిపోతే, మళ్ళీ సాయంత్రం ఏడింటికి తాళం చప్పుడు. బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని. కూరలబండి అబ్బాయితో బేరం, పక్క వాటా పిన్నిగారితో పిచ్చాపాటీ, నీళ్ళు వచ్చాయా అని గోడ మీంచి కేకలు, ఇవన్నీ అలవాటైన ప్రాణం. ఇక్కడ కిటికీ అద్దాలు మూసేస్తే వీధిలో మంచు తోస్తున్న చప్పుడు కూడా లోపలికి రాదు.

అంతకుముందు అద్దెకున్నవాళ్ళు వంటింటి అల్మారాలో ఓ చిన్న రేడియో వదిలేసి పోయారు. పాటలొస్తాయేమోనని తిప్పుతుంటే 93.9 దగ్గర మాటలు వినిపించాయి. డబ్ల్యూ.ఎన్.వై.సి. అనే న్యూయార్క్ పబ్లిక్ రేడియో అది. ఉదయం పది నుంచి పన్నెండు దాకా బ్రయన్ లేరర్ అనే ఆయన మాట్లాడుతున్నాడు. ఆయన 1989 నుంచీ ఆ స్టేషన్లో ఈ పని చేస్తున్నాడని తరవాత తెలిసింది. ఆయన మాట్లాడటం కంటే ఊళ్ళోవాళ్ళతో మాట్లాడించడమే ఎక్కువ. ఫోన్లు తీసుకుంటాడు. బ్రాంక్స్ నుంచి ఒకావిడ, స్టాటెన్ ఐలాండ్ నుంచి ఒక పెద్దాయన, క్వీన్స్‌లో టాక్సీ నడిపే ఒకతను, మా న్యూజెర్సీ నుంచి ఒక టీచరమ్మ.

మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. ఒక్కొక్కళ్ళ ఇంగ్లీషు ఒక్కో రకం. కానీ ఆశ్చర్యం ఏమిటంటే, వాళ్ళు మాట్లాడే విషయాలు మాత్రం అన్నీ తెలిసినవే! అద్దె పెంచేశారు. ఇంటాయన హీటరు వెయ్యడం లేదు. చెత్త మూడు రోజులై తియ్యలేదు, ఎలుకలు తిరుగుతున్నాయి. బడి దూరం, బస్సు ఆలస్యం. పేర్లు మారాయి గానీ మా సత్యనారాయణపురంలో కుళాయి దగ్గర మాట్లాడుకునేవీ ఇవే కదా అనిపించింది. రెండు పుల్కాలు కాలేలోపు ఊరంతా మా వంటింట్లోకి వచ్చి కూర్చునేది.

ఈ ఊరి పటం నేను ఫోన్లో చూసి నేర్చుకోలేదు, ఆ ఫోన్ చేసేవాళ్ళ నోటి నుంచి నేర్చుకున్నాను. ఫ్లషింగ్ అంటే చైనావాళ్ళు ఎక్కువున్న చోటు అని కాదు, అక్కడ ఏడో నంబరు రైలు ఆగిపోతే ఎంతమంది కూలీ పోతుందో తెలిశాక ఫ్లషింగ్ తెలిసింది. అలా పన్నెండు గంటల దాకా ఊళ్ళో తిరిగొచ్చి, అప్పుడు పప్పు తాలింపు పెట్టుకునేదాన్ని.

2019లో మా అత్తయ్యగారు ఆర్నెల్లు ఉండి వెళ్ళారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా పదింటికి వంటింట్లో కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేవారు. నేను మధ్య మధ్యలో తెలుగులో చెప్పేదాన్ని. ఆ రోజుల్లో శుక్రవారం శుక్రవారం నగర మేయరు స్వయంగా వచ్చి జనం ఫోన్లకి జవాబు చెప్పే కార్యక్రమం ఉండేది. అప్పటి మేయరు డి బ్లాసియో. ఎవరో తమ అపార్ట్‌మెంట్లో లిఫ్టు పాడైన సంగతి నేరుగా మేయరునే అడుగుతున్నారు. ఆయన ఏదో చెప్పబోతే, అది కాదు ఎప్పుడు బాగుచేస్తారో చెప్పండి అని మళ్ళీ అడుగుతున్నారు.

"మేయరుతో అలా మాట్లాడనిస్తారుటే?" అన్నారు అత్తయ్యగారు, చిక్కుడుకాయ చేతిలోనే ఉంచుకుని.

"ఇక్కడ అడుగుతారండీ" అన్నాను.

"మరి ఈ మధ్యనున్నాయన కోప్పడడేం? రోజూ ఇంతమంది గోల వింటాడుగా!"

ఆవిడ భాష తెలియకుండానే పట్టుకున్న సంగతి అది. నేను ఇన్నేళ్ళుగా విన్నదీ అదే. ఫోన్ చేసినవాళ్ళు ఆయన అభిప్రాయానికి ఎదురు మాట్లాడినా సరే, ముందు పూర్తిగా చెప్పనిస్తాడు. తరవాత ఇంకో ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్నతో ఆ మనిషి అసలు బాధ బయటికొస్తుంది. "జనాన్ని విడదీయకుండా కలిపే రేడియో" అనే అర్థం వచ్చేలా మెచ్చుకుని ఈ కార్యక్రమానికి 2007 సంవత్సరానికి పీబాడీ అవార్డు ఇచ్చారు. అవార్డు సంగతి తెలియకముందే మా అత్తయ్యగారు ఆయనకి మార్కులు వేసేశారన్నమాట.

ఓ ఉదాహరణ చెబుతాను. 2025 జనవరి 5 నుంచి మన్‌హట్టన్‌లో 60వ వీధికి దిగువకి కారులో వెళితే పగటిపూట 9 డాలర్లు కట్టాలని పెట్టారు. రోడ్ల మీద రద్దీ తగ్గించి, ఆ డబ్బుతో రైళ్ళు, బస్సులు బాగుచేస్తామని. అంతకు ముందు ఏడాది 15 డాలర్లతో మొదలుపెట్టబోయి, చివరి నిమిషంలో ఆపేశారు. మా న్యూజెర్సీలో ఒకటే రగడ. మా కిట్టీ పార్టీలో ఈ మాట వస్తే పది నిమిషాల్లో అందరూ రెండు జట్లయిపోయారు, ఎవరి మాట ఎవరూ వినలేదు. రేడియోలో మాత్రం ఇదే విషయం నెలల తరబడి నడిచింది. సామాన్లు వేసుకుని వ్యానులో తిరగక తప్పని పనివాళ్ళు మాట్లాడారు. కారు కొనే స్తోమతే లేక బస్సులో గంటలు గడిపేవాళ్ళు మాట్లాడారు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన ముసలివాళ్ళ గురించి మాట్లాడారు, హైవే పక్క ఇళ్ళలో ఉబ్బసంతో పెరిగే పిల్లల గురించీ మాట్లాడారు. నా అభిప్రాయం మారిందా అంటే పూర్తిగా మారలేదు. కానీ అవతలి పక్కన ఉన్నది స్వార్థపరులు కాదు, వాళ్ళకీ ఓ ఇల్లు, ఓ బతుకు ఉన్నాయని తెలిసింది. ఇది తక్కువ సంగతా?

మీరెప్పుడైనా ఫోన్ చేశారా అని అడుగుతారేమో. చేశాను, ఒక్కసారి. 2020లో బళ్ళు మూసేసి ఇంటి నుంచే చదువులు నడుస్తున్నప్పుడు. మా అమ్మాయి అప్పటికి ఐదేళ్ళది. కెమెరా ఆన్ చేసి ఉంచాలని టీచరు చెప్పింది. మాదేమో ఒక్క పడగ్గది ఇల్లు. కెమెరా పెడితే వెనకాల మా వారి ఆఫీసు మీటింగు, ఇటు నా వంట, ఆరేసిన బట్టలు, అన్నీ క్లాసు మొత్తానికి కనిపిస్తాయి. ఇది తప్పనిసరా అని అడుగుదామని ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తి, ఏ ఊరు, ఏం అడుగుతారు అని రాసుకుని, లైన్లో ఉండమంది. గుండె దడదడలాడుతుంటే ఇరవై నిమిషాలు ఉన్నాను. నా వంతు వచ్చేలోపే, బ్రాంక్స్ నుంచి ఒకావిడ అచ్చంగా నా ప్రశ్నే అడిగేసింది. వాళ్ళది ఒకే గది అట, నలుగురు పిల్లలట. నేను నవ్వుకుని ఫోన్ పెట్టేశాను. ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు, చూడను కూడా. కానీ ఆ రోజు నుంచి బ్రాంక్స్‌లో నాకు ఓ తోబుట్టువు ఉన్నట్టు లెక్క.

ఈ స్టేషన్ కథ కూడా బావుంటుంది. 1924 జులై 8న మొదలైంది. అప్పట్లో ఇది అచ్చంగా న్యూయార్క్ నగరపాలక సంస్థ సొంత రేడియో. నీటి సరఫరా, రోడ్లలాగే ఊరికి రేడియో కూడా ఉండాలనుకున్నారు. 1945లో పేపర్లు వేసేవాళ్ళ సమ్మె జరిగి పత్రికలు రాకపోతే, అప్పటి మేయరు లాగార్డియా ఈ రేడియోలో కూర్చుని, పిల్లలు బెంగపెట్టుకోకుండా కార్టూన్ కథలు గొంతు మార్చి మరీ చదివి వినిపించాడట. 1990లలో నగరం దీన్ని వదిలించుకోవాలనుకుంది. అప్పుడు శ్రోతలు, దాతల అండతో నడిచే ఓ ఫౌండేషన్ 2 కోట్ల డాలర్లకి కొనుక్కుని నిలబెట్టింది. అప్పటి నుంచి దీని బతుకు ఎక్కువగా వినేవాళ్ళ చందాల మీదే.

ఇదంతా మాటల కాలక్షేపమే కదా అనుకుంటే, 2021 సెప్టెంబరు 1 రాత్రి సంగతి చెప్పాలి. ఐడా తుపాను మిగిలిన వాన మా మీద పడింది. సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన. న్యూయార్క్ నగరంలో 13 మంది పోయారు. అందులో 11 మంది బేస్‌మెంట్ వాటాల్లో, అంటే నేల కిందుండే గదుల్లో, నీళ్ళలో చిక్కుకుని పోయినవాళ్ళు. న్యూజెర్సీలో 30 మంది. మాది మూడో అంతస్తు, మాకేం కాలేదు. మా పక్క వీధిలో ఒక బేస్‌మెంట్‌లో నలుగురు మన తెలుగు కుర్రాళ్ళు ఉండేవారు, ఎమ్.ఎస్. చదువుకునేవాళ్ళు. అర్ధరాత్రి తడిసిన పుస్తకాలు, లాప్‌టాప్‌లు నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పొద్దున్నే ఉప్మా చేసి పెట్టాను. ఇంటాయన మీద ఫిర్యాదు చెయ్యండిరా అంటే నలుగురూ నేల చూపులు చూశారు. ఆ వాటాకి అనుమతి లేదు, వీళ్ళ పేర్లు అగ్రిమెంటులో లేవు. ఫిర్యాదు చేస్తే ఎక్కడికి పోతుందో, వీసాకి ఏమవుతుందోనని భయం.

పదింటికి రేడియో పెట్టాను. ఆ రోజు, ఆ తరవాత రోజులూ, మాటలన్నీ ఈ బేస్‌మెంట్ల గురించే. ఎవరుంటారు వీటిల్లో, ఎందుకుంటారు, అనుమతి లేదని తాళాలు వేసేస్తే వాళ్ళు ఎక్కడికి పోతారు, అనుమతులిచ్చి రెండో దారి, కిటికీలు పెట్టించాలంటే ఖర్చెవరు పెట్టుకుంటారు? కుర్రాళ్ళు కప్పులు పట్టుకుని అలాగే నిలబడి విన్నారు. వాళ్ళలో ఒకడు, "ఆంటీ, మాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారా!" అన్నాడు. రేడియో వాళ్ళ పడకలు ఆరబెట్టలేదు. కానీ తమది సిగ్గుపడి దాచుకోవాల్సిన తప్పు కాదు, ఊరు ఆలోచించాల్సిన సమస్య అని వాళ్ళకి ఆ పూట తెలిసింది. మర్నాడు నలుగురూ కలిసి అద్దెదార్లకి ఉచితంగా సలహా ఇచ్చేచోటుకి వెళ్ళారు. అడ్వాన్సు వెనక్కి తెచ్చుకున్నారు.

సరిగ్గా మూడేళ్ళకి, 2024 సెప్టెంబరు 1న, ఈసారి వరద మా బెజవాడకి వచ్చింది. బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్ మునిగిపోయింది. మా పిన్ని వాళ్ళిల్లు అక్కడే, కింద వాటా. మాకు శనివారం రాత్రి. పిన్ని, "మేడమీద వాళ్ళింటికి వెళ్ళిపోతున్నామే, నీళ్ళు గడప దాటాయి" అని చెప్పింది. అంతే, ఆ తరవాత ఫోన్ లేదు. రెండు రోజులు లేదు. యూట్యూబులో తెలుగు ఛానళ్ళు పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాను. అందులో అన్నీ ఉన్నాయి. పడవలు, డ్రోన్లు, నాయకులు, నువ్వంటే నువ్వని తిట్టుకోవడాలు. మా పిన్ని ఉన్న వీధి తప్ప అన్నీ ఉన్నాయి. ఏ వీధిలో నీళ్ళు ఎంత లోతు, పాలపొడి ఎక్కడ ఇస్తున్నారు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళని ఎటు తీసుకెళుతున్నారు, ఇది చెప్పే గొంతు నాకు ఒక్కటీ దొరకలేదు.

మూడోరోజు పిన్ని ఎవరి ఫోన్ నుంచో మాట్లాడింది. క్షేమం. పాపం, ఇంట్లో సామానంతా పోయింది. "పడవ పెద్ద రోడ్డు దాకా వచ్చి వెళ్ళిపోయిందిటే, మాకెవరూ చెప్పలేదు" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నీళ్ళూ అన్నం లాగే, చెప్పేవాళ్ళు ఉండటం కూడా ఆపదలో ఓ అవసరమే. ఆ చెప్పేవాళ్ళని వరద వచ్చిన రోజు పుట్టించలేం. మామూలు రోజుల్లో లిఫ్టుల గురించీ, ఎలుకల గురించీ వింటూ, ఏ వీధిలో ఎవరుంటారో తెలుసుకుంటూ ఉండాలి. అప్పుడే ఆపద రోజున వాళ్ళ మాట పనికొస్తుంది.

ఇక పది డాలర్ల దగ్గరికి వస్తున్నాను. 2025 జులైలో అమెరికా పార్లమెంటు పబ్లిక్ రేడియోలకీ, టీవీలకీ రెండేళ్ళకి కేటాయించిన 110 కోట్ల డాలర్లని రద్దు చేసింది. 1967 నాటి చట్టంతో పుట్టి ఆ డబ్బు పంచుతూ వచ్చిన సంస్థ ఆగస్టు 1న, ఇక మూసేస్తున్నామని ప్రకటించింది. న్యూయార్క్ లాంటి పెద్ద ఊళ్ళ రేడియోలకి పోయింది ఆదాయంలో కొద్ది భాగమే. అసలు దెబ్బ పల్లెటూళ్ళ చిన్న స్టేషన్లకి. అయినా ఆ వార్త విన్న పూట, పదేళ్ళకి పైగా కాణీ ఖర్చు లేకుండా ఎంత తీసుకున్నానా అని లెక్క వేసుకోబుద్ధయింది.

మా వారి వాదనలోనూ న్యాయం ఉంది. "మనకి ఇక్కడ ఓటే లేదు. రేపు వీసా ఏమవుతుందో తెలియదు. ఆ పది డాలర్లేవో మీ పిన్నికి పంపితే పరుపైనా కొనుక్కుంటుంది" అన్నారు. పిన్నికి పంపాం, అది వేరే. ఓటు లేదనేదానికే నా జవాబు. ఓటు లేని మనిషిని కూడా ఏ ఊరు మీది, ఏం అడుగుతారు అని అడిగింది ఈ ఊళ్ళో ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయి ఒక్కతే. మిగతా అన్నిచోట్లా ముందు వీసా కాగితం అడిగారు.

ఇంకో సంగతి గుర్తు చేశాను. మా తాతయ్య రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు. చిన్న పుస్తకం, అందులో స్టాంపులు. అమ్మమ్మ దాన్ని రేషన్ కార్డుతో కలిపి ట్రంకుపెట్టెలో దాచేది. 1948 నుంచి ఉన్న బెజవాడ ఆకాశవాణి మా ఇంట్లో సొంత మనిషి. ఉషశ్రీగారు ధర్మసందేహాలకి జవాబులు చెబుతుంటే వీధి వీధంతా ఒకటే గొంతు వినిపించేదని అమ్మ చెప్పేది. తాతయ్య లైసెన్సు చట్టప్రకారం కట్టారు, నేను ఇష్టంగా కడుతున్నాను, అంతే తేడా. మా వారు నవ్వి, ఆ పద్దుని ఖర్చుల్లోంచి తీసి పాలు, కరెంటు బిల్లు ఉన్న వరసలో రాశారు.

మీలో చాలామంది ఊళ్ళోనే ఉన్నారు. మీ ఊరి రేడియోలోనో, కాలనీ మీటింగులోనో, మీ వీధి గురించి మీరు అడగగలిగే చోటు ఒకటి ఉందా? ఉంటే దాన్ని వదులుకోకండి. మేం దూరాన ఉన్నవాళ్ళం ఫోన్ చేస్తే అందరం అడిగేది ఒకటే, "బాగున్నారా?" అని. వాళ్ళు చెప్పేదీ ఒకటే, "ఆఁ, బాగున్నాం" అని. ఈ మధ్య నేను పద్ధతి మార్చాను. ఆదివారం పిన్నికి ఫోన్ చేసి, "పిన్నీ, మీ వీధి కాలవలో పూడిక తీశారా?" అని అడుగుతున్నాను. అంతే, ఇక అరగంట దాకా నేను మాట్లాడక్కర్లేదు.